పురుగు ఒక్కటే రాదు

(విశాఖపట్నంలో జరిగిన సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న సంఘం పెద్దలకు, పాడేరు, అరకు, చింతపల్లి వైపుల నుంచి తెల్లవారకుండానే బస్సులెక్కి వచ్చిన అన్నలకు, అక్కలకు, ముందు వరసల్లో ఒద్దిగ్గా కూర్చున్న పిల్లలకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం.

చదువు, ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. పురుగుల గురించి చెబుతామంటే కార్యదర్శి గారు ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘సరేనమ్మా, మీ ఇష్టం’ అన్నారు. ఆయన దయ వల్ల ఈ అరగంట మాకు దక్కింది.

ముందే ఒక మాట. మేము అంటే ఈ మైకు ముందు నిలబడ్డ ఒక్క మనిషి కాదు. గిరిజన హాస్టల్ అంటే వార్డెను, వంట చేసే అమ్మలు, కామాటి, రాత్రి వాచ్‌మన్, వాళ్ళందరినీ పరుగులు పెట్టించే ఆడపిల్లలు. ఇప్పుడు చెప్పబోయేది మా హాస్టల్ వరండాలో అందరం కలిసి తెలుసుకున్నది. బి.ఎడ్.లో జీవశాస్త్రం చదువుకున్నాం కాబట్టి మాకు అన్నీ తెలుసని పిల్లలు అనుకునేవాళ్ళు. ఆ నమ్మకం ఎప్పుడు పోయిందో అక్కడి నుంచే మొదలుపెడతాం.

2025 వానాకాలంలో అరకులోయ మండలం చినలబుడు ప్రాంతం కాఫీ తోటల్లో కాయ తొలుచు పురుగు కనబడింది. బెర్రీ బోరర్ అని పేపర్లో చదివే ఉంటారు. మన మన్యం కాఫీ అంతకుముందు ఎరగని పురుగు అది. మా హాస్టల్లో ఇంటర్ చదివే ఒక పాపది ఆ చుట్టుపక్కల ఊరే. వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. అధికారులు చెప్పినట్టు పచ్చి కాయలన్నీ దూసేసి, మరిగే నీళ్ళలో ముంచి, గొయ్యి తీసి పూడ్చేశామని చెప్పాడు. ఆ కాయల మీదే ఆ పాప డిగ్రీ ఫీజు ఉంది. చెల్లెలి పుస్తకాలూ ఉన్నాయి. ఆ రాత్రి పాప అన్నం తినలేదు. మేము వెళ్ళి పక్కన కూర్చున్నాం. ఏం చెప్పి ఓదార్చాలా అని వెతుక్కుంటూ ఉంటే, ఆ పాపే మమ్మల్ని అడిగింది.

‘మేడమ్, కెఫీన్ అనేది కాఫీ చెట్టు తన్ను తాను కాపాడుకోడానికి చేసుకునే విషం అని మా పుస్తకంలో ఉంది. తిన్న పురుగు బతకదట. మరి ఈ పురుగు గింజలోనే పుట్టి, గింజే తిని, గింజలోనే పిల్లల్ని ఎలా పెడుతోంది?’

మాకు తెలీదు. ‘రేపు చెబుతాం’ అన్నాం. టీచర్లు ఆ మాట ఎప్పుడు అంటారో మీకు తెలుసు. కానీ ఏడుస్తూ కూడా ఇంత మంచి ప్రశ్న అడిగిన పిల్లకి జవాబు ఎగ్గొట్టడం మాకు మనసొప్పలేదు. వెతికాం. ఆ జవాబు చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఒకసారి పుట్ట దగ్గరికి తీసుకెళ్ళాలి.

తొలకరి పడి నాలుగు ఉరుములు ఉరిమాక, తెల్లారకుండా బుట్ట పట్టుకుని పుట్టల దగ్గరికి పరిగెత్తినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఊళ్ళో పెరిగినవాళ్ళంతా ఎత్తారు. గాజువాకలో పుట్టిన పిల్లలు పక్కవాళ్ళ మొహం చూస్తున్నారు. ఫరవాలేదు. పుట్టగొడుగు అన్న మాటని మెల్లగా ఒకసారి పలకండి. పుట్ట, గొడుగు. ఈ రోజు రైతుబజారులో ప్లాస్టిక్ డబ్బాలో అమ్మే తెల్ల గుండ్రటి దానికి కూడా అదే పేరు పెట్టేశాం గానీ, దానికి పుట్టతో ఏ సంబంధమూ లేదు. ఆ పేరు అసలు సొంతదారు పుట్టలోంచే వస్తుంది. శాస్త్రంలో దాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదల బూజు అని దాని అర్థం. లాటిన్ తెలిసినవాళ్ళు పెట్టిన పేరూ, అక్షరం రాని మన ముత్తవ్వలు పిలిచిన పేరూ ఒక్కటే చెబుతున్నాయి. గొడుగుకీ పుట్టకీ చుట్టరికం ఉందని.

ఆ చుట్టరికం ఏమిటి? చీమలు పెట్టిన పుట్ట అని మాట వరసకి అంటాం గానీ, కట్టేది చెదలు. చెదపురుగు ఎండుటాకు, పుల్ల, బెరడు కొరికి తెస్తుంది. కట్టెలో లిగ్నిన్ అని ఒక గట్టి పదార్థం ఉంటుంది. ఇటుకల మధ్య సిమెంటులా అది కట్టెని పట్టి ఉంచుతుంది. మన దగ్గర పుట్టలు కట్టే చెదలకు దాన్ని అరిగించుకునే శక్తి సరిగ్గా లేదు. అందుకని తెచ్చిన మేతని నమిలి, సగం అరిగినదాన్ని పుట్ట లోపలి గదుల్లో విసర్జించి, దానితో ముడతలు ముడతలుగా, స్పాంజిలాంటి గడ్డ కడతాయి. ఆ గడ్డ మీద ఈ శిలీంధ్రం పెరుగుతుంది. లిగ్నిన్‌ని విడగొట్టే పని శిలీంధ్రానిది. అలా మెత్తబడ్డ గడ్డనీ, దాని మీద పుట్టే తెల్లటి చిన్న చిన్న ఉండల్నీ చెదలు తింటాయి. అంటే పుట్ట లోపల ఉన్నది ఇల్లు మాత్రమే కాదు, పొలం. చెద కూలీలు దున్నుతాయి, ఎరువేస్తాయి, కలుపు తీస్తాయి. కలుపు అంటే వట్టి పోలిక కాదు. జైలేరియా అనే ఇంకో శిలీంధ్రం ఆ గడ్డలోనే పొంచి ఉంటుంది. చెదలు ఉన్నంతకాలం దాన్ని ఎదగనివ్వవు. చెదలు చచ్చి పుట్ట పాడుబడితే, కొన్నాళ్ళకు నల్లటి పుల్లల్లా అది పైకి లేస్తుంది. ఈ సేద్యం ఆఫ్రికాలో దాదాపు 3 కోట్ల ఏళ్ళ కిందట మొదలైందని శాస్త్రవేత్తల లెక్క. మనిషి సేద్యం మొదలుపెట్టి పన్నెండు వేల ఏళ్ళు అయిందేమో.

పుట్టగొడుగు కాడని ఒడుపుగా లాగితే జానెడు, ఒక్కోసారి మూరెడు వేరులాంటిది మట్టిలోంచి వస్తుంది. ఆ కొస అంటుకుని ఉండేది లోపలి గడ్డకే. వానాకాలంలో శిలీంధ్రం పైకి లేచి, గొడుగు విప్పి, బీజాలు వదులుతుంది. అదే రోజుల్లో ఉసిళ్ళు లేస్తాయి. వాటిని వేయించుకుని తిన్న సంగతి ఇక్కడ చాలామంది ఒప్పుకోరు, మేము ఒప్పుకుంటాం. తప్పించుకున్న ఉసిళ్ళు రెక్కలు రాల్చి, జంటలు కట్టి, మట్టిలో దూరి కొత్త పుట్టకి పునాది వేస్తాయి. చాలా జాతుల్లో కొత్త పుట్టకి శిలీంధ్రం విత్తనం పుట్టింటి నుంచి రాదు. మొదటి కూలీ చెదలు బయటికి వెళ్ళి, నేల మీద పడి ఉన్న బీజాల్ని వెతికి తెచ్చుకోవాలి. ఇక్కడ ఒక చిన్న మాట. పుట్ట మీద లేచిన మొగ్గలన్నీ విప్పుకోకముందే పెరికేస్తే ఆ బీజాలెక్కడివి? మా అమ్మలు ప్రతి పుట్ట దగ్గరా నాలుగు గొడుగులు వదిలి వచ్చేవాళ్ళు. ఎందుకంటే ‘అన్నీ కోస్తే మళ్ళీ ఏడు రావు’ అనేవాళ్ళు. అది భయమో భక్తో అనుకున్నాం. లెక్క కూడా అందులో ఉంది.

ఇంకో మాట కూడా చెప్పి ముందుకు వెళతాం. ఫోనులో ఫొటో చూసి, ఇది తినేదే అని నిర్ణయించుకోకండి. కుక్కగొడుగుల్లో మనిషిని చంపేవి ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. మీ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఏరుతున్న మనిషి పక్కన ఉంటేనే ముట్టుకోండి. లేకపోతే కోడిగుడ్డు కూరతో సరిపెట్టుకోండి.

పుట్ట దగ్గర మేము నేర్చుకున్నది ఇది. పురుగుని ఒక్కదాన్నే చూస్తే సగమే కనబడుతుంది. మిగతా సగం దాని పొట్టలోనో, ఒంటి మీదో, గూట్లోనో కంటికి ఆనని ప్రాణిగా ఉంటుంది. ఇది తెలిశాక అడవిలో ఎక్కడ చూసినా జంటలే కనబడటం మొదలైంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. మీలో చిన్నవాళ్ళకి గుర్తుండదు. ఈ ఊళ్ళో చెట్టన్నది నిలబడలేదు, కంబాలకొండ బోసిపోయింది. పైన మన తోటల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు అడ్డదిడ్డంగా కూలిపోయాయి. కొన్ని దుంగలు మనుషులు తెచ్చుకున్నారు. లోయల్లో, గెడ్డల పక్కన పడినవాటిని ఎవరూ తేలేదు. అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? వెళ్ళి చూస్తే, ఆనవాలు మిగిలితే అదే గొప్ప. మోసుకుపోయినవాళ్ళు వీళ్ళే. ముందు పెంకుపురుగులు బెరడుకి కన్నాలు పెడతాయి. ఆ కన్నాల్లోంచి గాలి, నీరు, వాటితోపాటు బూజు లోపలికి వెళతాయి. పెంకుపురుగుల్లో ఒక రకం ఉంది. దాని ఒంట్లో బూజు విత్తనాలు దాచుకోడానికే ఒక చిన్న సంచి ఉంటుంది. కట్టెలో సొరంగం తొలిచి, గోడలకి బూజు నాటి, పిల్లల్ని ఆ బూజు మీద పెంచుతుంది. కట్టెను అది తినదు, పొడిచేసి బయటికి తోసేస్తుంది. చెదలు, బూజులు, బ్యాక్టీరియా అన్నీ చేతులు మార్చుకుంటూ పోయాక, చెట్టు పీల్చుకున్న సారమంతా మళ్ళీ నేలకే చేరుతుంది. మన్యంలో ఎరువు బస్తా ఎరగని తోట పండుతోందంటే వీళ్ళ కూలీ వల్లే.

ఇదే జంట ఊరు మారితే ఏం చేస్తుందో ఈ విశాఖ ఓడరేవులో పనిచేసే మన అన్నలకి తెలుసు, తెలుసని తెలియకపోవచ్చు. కంటైనర్ల కింద, యంత్రాల పెట్టెల కింద చెక్క పాలెట్లు ఉంటాయి కదా. వాటి మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. పక్కన దేశం గుర్తు, హెచ్.టి. అన్న అక్షరాలు ఉంటాయి. ఆ చెక్కని నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడికి తెచ్చి, ఆ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని దాని అర్థం. చెక్కలో దాక్కున్న పురుగూ, పురుగు మోసుకొచ్చే బూజూ దేశం దాటకూడదని పెట్టుకున్న అంతర్జాతీయ నిబంధన అది. ఇంత జాగ్రత్త ఊరికే పుట్టలేదు. పోయిన శతాబ్దంలో దుంగలతో పాటు ఒక బెరడు పురుగు, దానితో పాటు ఒక బూజు అమెరికా చేరాయి. బూజుకి నడవడం రాదు, పురుగుకి ఆ చెట్టుని చంపే బలం లేదు. ఇద్దరూ కలిసి కోట్ల కొద్దీ ఎల్మ్ చెట్లను కూల్చేశారు. 1933లో తెరిచిన మన ఓడరేవులో రోజూ ఎన్ని దేశాల చెక్క దిగుతోందో చూసేవాళ్ళకి ఆ ముద్ర విలువ వేరే చెప్పక్కర్లేదు.

జీలుగు కల్లు గురించి వార్డెన్ మాట్లాడుతోందని నవ్వకండి, ఇది పాఠమే. చెట్టు నుంచి అప్పుడే దించిన జీలుగు నీళ్ళు తియ్యగా ఉంటాయి. మధ్యాహ్నానికి పులుస్తాయి. పులియబెట్టేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. అది కుండ అడుగున మిగిలిన పాత కల్లులో ఉంటుంది, కుండ చుట్టూ మూగే ఈగలు, తేనెటీగలు, కందిరీగల కాళ్ళకీ పొట్టలకీ అంటుకుని కూడా వస్తుంది. ఈస్ట్ వాసన వదిలేది పురుగుల్ని పిలుచుకోడానికేనని చెబుతారు, దానికి రెక్కలు లేవు కదా. ఇటలీలో ద్రాక్షతోటల దగ్గర చూస్తే, చలికాలమంతా ఈస్ట్ కందిరీగల పొట్టలో తలదాచుకుని, వాటి పిల్లలకి కూడా చేరుతోందని 2012లో తేలింది. అంత గొప్ప ద్రాక్షసారాకి విత్తనం కందిరీగ పొట్టలోది. పాఠం అయిపోయింది. కల్లు మాత్రం హాస్టల్‌కి తేకండి.

ఇక ఆ పాప ప్రశ్న దగ్గరికి వద్దాం.

కాయ తొలుచు పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని నల్లటి పెంకుపురుగు. పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో కనబడింది. ఆడపురుగు కాఫీ కాయ కొసన, బొడ్డు దగ్గర గుండుసూది మొనంత కన్నం పెట్టి లోపలికి దూరుతుంది. గింజలో గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజనే తింటూ పెరుగుతాయి. మగవాటికి ఎగిరే రెక్కలు లేవు, పుట్టిన కాయలోనే వాటి బతుకు ముగుస్తుంది. కడుపుతో ఉన్న ఆడవి మాత్రం బయటికి వచ్చి వేరే కాయని వెతుక్కుంటాయి. కోత అయిపోయాక చెట్టు మీద వదిలేసినవి, కింద రాలినవి ఉంటాయే, ఆ కాయల్లో దాక్కుని వచ్చే పంట దాకా బతుకుతాయి. పాత గోనెసంచుల్లో, ఎండని కాయల్లో ఊరి నుంచి ఊరికి పోతాయి.

ఇంత బతుకూ విషం మధ్యలోనే. వాటి ఒంటి బరువుతో పోల్చి చూస్తే, మనిషి ఒక్క రోజులో వందల కప్పుల కాఫీ తాగినట్టు. దాని గుట్టు 2015లో బయటపడింది. ఆ పురుగు పేగుల్లో ఉండే బ్యాక్టీరియా కెఫీన్‌ని ముక్కలు చేసి తినేస్తోంది. పరిశోధకులు పురుగులకి యాంటీబయాటిక్ కలిపిన మేత పెట్టి పేగుల్లోని బ్యాక్టీరియాని చంపారు. అప్పుడు కెఫీన్ అరక్కుండా బయటికి వచ్చింది, వాటి సంతానం నిలవలేదు. సూడోమోనాస్ ఫల్వా అనే ఒక్క బ్యాక్టీరియాని తిరిగి పెడితే కెఫీన్ మళ్ళీ అరిగిపోయింది. అంటే మన తోటలోకి వచ్చింది పురుగు ఒక్కటే కాదు. పొట్టలో వంటమనిషిని పెట్టుకుని మరీ వచ్చింది.

మర్నాడు ఈ మాట చెప్పగానే పాప కళ్ళు తుడుచుకుని ఇంకో ప్రశ్న వేసింది. ‘అయితే మేడమ్, దాని వెంట దోస్తు ఉన్నట్టే, దానికి శత్రువు కూడా ఒకడు ఉండాలి కదా?’

ఉన్నాడు. పేరు బవేరియా బాసియానా. మీ నాన్నల తోటలకి ఇచ్చే జీవ మందు డబ్బాల మీద ఆ పేరు చూడండి. అది మందు కాదు, బతికున్న శిలీంధ్రం. దాని బీజాలు పురుగు ఒంటికి అంటుకుంటే, తేమ తగలగానే మొలకెత్తుతాయి. పెంకుని కరిగించుకుని లోపలికి దిగుతాయి. కొన్ని రోజుల్లో పురుగు చచ్చిపోతుంది. తర్వాత ఆ కళేబరంలోంచి తెల్లటి పొడి బయటికి వస్తుంది. వానాకాలంలో ఆకుల కింద సున్నం పూసినట్టు తెల్లగా బిగుసుకుపోయిన పురుగుల్ని చూసే ఉంటారు. వాటిలో చాలా వరకు ఇలాంటి శిలీంధ్రాల పనే.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. ఇటలీలో అగోస్తినో బాసి అనే ఆయన ఉండేవాడు. పట్టుపురుగులు తెల్లగా గట్టిపడి చచ్చిపోతుంటే రైతులు గాలి బాగాలేదని, మేత బాగాలేదని అనుకునేవాళ్ళు. బాసి ఏళ్ళ తరబడి పరిశీలించి, కంటికి కనబడని ఒక ప్రాణి పురుగు నుంచి పురుగుకి అంటుకోవడమే కారణమని 1835లో ప్రకటించాడు. సూక్ష్మజీవి వల్ల జంతువుకి రోగం వస్తుందని రుజువు చేసిన మొదటి పని అదే. పాశ్చర్ పేరు అందరికీ తెలుసు, బాసి పేరు ఈ శిలీంధ్రానికే మిగిలింది. పట్టు రైతుకి ముప్పు తెచ్చిన ఆ బూజే ఈ రోజు కాఫీ రైతుకి తోడుగా నిలబడుతోంది. మంచిది, చెడ్డది అని పేరు పెట్టేముందు ఎవరికి, ఎక్కడ అని అడగాలి.

కానీ ఈ తోడు సుకుమారి. ఎండ దానికి పడదు, తేమ కావాలి. అందుకే సాయంత్రం పూట చల్లమంటారు. పురుగు కన్నం పెడుతూ ఇంకా వాకిట్లో ఉండగానే తగలాలి, గింజలోకి దిగిపోయాక అందదు. బూజు మందులతో కలిపి కొడితే బవేరియా కూడా బూజే కాబట్టి అదీ చస్తుంది. నీడ ఉన్న తోటలో అది ఎక్కువ రోజులు నిలుస్తుంది. సిల్వర్ ఓక్ నరికి అమ్ముకుందామనుకునే అన్నలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మా ఇంట్లో జరిగిందే చెబుతాం. మా తమ్ముడిది గూడెంకొత్తవీధి వైపు రెండెకరాల తోట. అక్కడ ఆ పురుగు రాలేదు. అరకు వార్త విని భయపడి, మైదానంలో ఒక దుకాణంవాడు అంటగట్టిన డబ్బా తెచ్చి తోటంతా కొట్టేశాడు. ఏ పురుగుకి, ఎంత మోతాదు అని వాడు అడగలేదు, దుకాణంవాడు చెప్పలేదు. ‘ఏటక్కా, రాకముందే కొట్టేస్తే మంచిది కదా’ అన్నాడు. మేము వెళ్ళేసరికి మూడు రోజులైంది. ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు చెట్ల మొదళ్ళలో కుప్పలుగా పడి ఉన్నాయి. సాలీళ్ళు లేవు. మిరియాల తీగల మీద ఎప్పుడూ ఉండే రొద లేదు. ఎక్కడో ఆకు మీంచి నీటి చుక్క పడితే వినబడుతోంది. కాయ తొలుచు పురుగు నిజంగా వచ్చి ఉంటే దాన్ని పట్టి తినే చీమల్లో చాలా భాగాన్ని మా చేత్తో మేమే ఊడ్చేశాం. సేంద్రియ కాఫీ అన్న పేరు మీదే మనకి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తున్నాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్క డబ్బాతో అదీ పోగొట్టుకునేవాళ్ళం. తమ్ముణ్ణి తిట్టలేదు. వాడికి ఎవరు చెప్పారు గనక? చదువుకున్న అక్క పట్నంలో హాస్టల్ లెక్కలు చూసుకుంటూ కూర్చుంది.

చెయ్యాల్సిన పనులు పెద్ద విద్యలేమీ కావు. కోతలో ఒక్క కాయ కూడా చెట్టు మీద వదలకూడదు, కింద రాలింది ఏరెయ్యాలి. చెట్టు కింద గోనెపట్టా పరిచి కోస్తే సగం పని అప్పుడే అయిపోతుంది. పురుగు పట్టిన కాయల్ని మరిగే నీళ్ళలో ముంచి పూడ్చాలి. గింజని సరిగ్గా ఎండబెట్టి గాని మూట కట్టకూడదు. ఒకరి సంచి ఇంకొకరి తోటకి తీసుకెళ్ళకూడదు. కన్నం ఉన్న కాయ కనబడితే దాచకుండా చెప్పాలి. ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు వాళ్ళ పరిశోధన కేంద్రం ఉంది, వాళ్ళకి కబురు పెట్టాలి. మన తోటలో పురుగు పడిందంటే పరువు పోతుందని దాచేవాళ్ళున్నారు. పురుగుకి ఆ దాపరికమే కావాలి.

ఇంకో జంట గురించి చెప్పకుండా దిగిపోతే మేము వార్డెన్లమే కాదు. మన్యం జ్వరం. కొండ నీళ్ళు పడక వచ్చిందని, గాలి సోకిందని మన పెద్దలు అనుకునేవాళ్ళు. యూరపు వాళ్ళూ అంతే, మలేరియా అన్న మాటకి చెడ్డ గాలి అనే అర్థం. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద ఆ పరాన్నజీవిని చూశాడు. గాలి కాదు, దోమ. దోమ ఒక్కటే కూడా కాదు, దోమ కడుపులో పెరిగే ఇంకో ప్రాణి. మన కొండ గెడ్డల్లో నెమ్మదిగా పారే తేట నీళ్ళలో పుట్టే దోమలు ఆ ప్రాణిని మోస్తాయి. అందుకే మురుగు లేని ఊళ్ళో కూడా జ్వరం వస్తుంది. ఒక ఏడాది సంక్రాంతి సెలవుల నుంచి వచ్చిన ఒక పాప మూడు రోజులు జ్వరం దాచింది, ఇంటికి పంపేస్తారేమోనని. నాలుగో రోజు ప్రార్థనలో పడిపోయింది. హాజరు పుస్తకం చూశాం గానీ పిల్ల మొహం చూడలేదు, ఆ తప్పు మాది. పాప బతికింది. అప్పట్నుంచి సెలవుల తర్వాత మా గేటు దగ్గర ముందు నుదురు పట్టుకుని చూస్తాం, పెట్టె తర్వాత. వణుకుతో జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష. దోమతెర లేకుండా పడక లేదు. తెర చేపలు పట్టుకోడానికి పనికొస్తుందని మీలో కొందరికి తెలుసు. మాకూ తెలుసు.

దోమ కథలోనూ పొట్టలోని మూడో మనిషి ఉన్నాడు. దోమ పేగుల్లో ఒక బ్యాక్టీరియా ఉంటే మలేరియా పరాన్నజీవి సరిగ్గా ఎదగడం లేదని 2023లో బయటపెట్టారు. దోమని చంపకుండానే జ్వరాన్ని ఆపే దారి అందులో దొరుకుతుందేమోనని పని జరుగుతోంది. అలాంటి పని చేసే లేబొరేటరీల్లో మన పిల్లలు ఎందుకుండకూడదు? చదువు, ఉద్యోగాల గురించి చెప్పమన్నారు కదా కార్యదర్శి గారు, ఇదిగో చెప్పాం. మైక్రోబయాలజీ ఉంది, వ్యవసాయ డిగ్రీలో కీటకశాస్త్రం ఉంది, ఫారెస్ట్రీ ఉంది. ఇంటర్వ్యూలో మీ ఊరి పుట్ట గురించి చెప్పడానికి సిగ్గుపడకండి. పట్నం పిల్లలకి పుస్తకంలో ఒక పేరాగా ఉన్నది మీరు బుట్టతో ఏరుకున్నారు.

ఆ పాప ఇప్పుడు బి.ఎస్సీ.లో చేరింది. ఫీజు ఎలా కట్టారన్నది వాళ్ళ ఇంటి విషయం, ఇక్కడ చెప్పం. చేరేముందు మా హాస్టల్లో ఒక పని మొదలుపెట్టి వెళ్ళింది. ఒక లాంగు నోట్‌బుక్కు. సెలవులకి ఊరెళ్ళిన ప్రతి పిల్లా తిరిగి వచ్చాక అందులో ఒక పురుగు గురించి రాయాలి. కువి, పోర్జా, ఆదివాసీ ఒరియా, తెలుగు, ఇంట్లో ఏ భాషలో ఏ పేరు ఉంటే ఆ పేరు తెలుగు అక్షరాల్లో రాయాలి. అది ఎక్కడ కనబడింది, ఏ నెలలో, ఏం తింటోంది, దాని ఒంటి మీద గాని గూట్లో గాని బూజు ఉందా, అవ్వ దాని గురించి ఏం చెప్పింది. తప్పులున్నా ఫరవాలేదు. మొదటి పేజీలోనే ఒక గుంట సాలీడు గురించి రాసి, దాని కింద ‘ఇది పురుగు కాదని మేడమ్ అన్నారు, కానీ బాగుంది’ అని రాసింది. కొట్టెయ్యలేదు.

ఈ సభలో ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు, మా పిల్లలే కానక్కర్లేదు. దసరా సెలవుల తర్వాత ఏ ఆదివారమైనా పగటి పూట రండి. పుస్తకం వరండాలో బల్ల మీద ఉంటుంది. పెన్ను దానికే దారంతో కట్టి ఉంటుంది.